తుఫాను చాట, చామంతి అల

ఆ రోజుల్లో అనగానే మీరు లాంతరు దీపాలు, ఎడ్లబండ్లు అనుకుని వెనక్కి చేరగిలబడతారు. అంత దూరం పోనక్కర్లేదు. నేను చెప్పేది ఈమధ్య సంగతే. చేతిలో టచ్ ఫోను వచ్చేసింది, హైదరాబాదు అంచున జన్వాడ దాకా ఫామ్‌హౌజుల గోడలు లేచాయి, మా సురంగల్ చేలగట్ల మీద పట్నం పిల్లలు నిలబడి ఫొటోలు దిగడం మొదలైంది. అప్పటికి నాకు అరవై నిండలేదు. ఇప్పటి నా మోకాళ్లను అడిగితే అది నిఖార్సైన పడుచుతనమే అంటాయి. అందరికీ పడుచుతనం పదహారేళ్లకు వస్తుందట. నాకు ఆ వయసులో రెండు బర్రెలు, ఒక అత్త వచ్చారు. ఇంట్లో జాగా లేదని చూసి పడుచుతనం గడప దగ్గర్నుంచే వెనక్కి తిరిగి ఉంటుంది. మళ్లీ ఎప్పుడొచ్చిందంటే, నా మనవరాలు పుట్టి, పెరిగి, సముద్రంలో అలల మీద సవారీ నేర్చుకున్నాక వచ్చింది. వచ్చి ఎంతసేపు కూర్చుందో మీరే చూస్తారు.

నేను మూడో తరగతి దాకా చదివాను. (నాలుగో తరగతికి కొత్త పుస్తకం కొనాలన్నారు. మా నాయనకు కొనే అలవాటు లేదు. ఆయన ఆస్తిలో నా వాటాకు వచ్చింది ఆ గుణమొక్కటే.) మా చిన్నప్పుడు పంచాయతీ రేడియోలో బంగాళాఖాతంలో వాయుగుండం అని చెబితే, మా పెద్దలు నోట్లో చుట్ట తీయకుండానే, “అది సముద్రపోళ్ల పంచాయితి, మనకేంది?” అని తేల్చేసేవారు. నిజమే, మాకు సముద్రం ఎక్కడిది? గండిపేట చెరువు ఉంది గానీ అది పట్నంవాళ్లు తాగే నీళ్లు. మేం గట్టు మీద నిలబడి చూడవచ్చు, అదీ గౌరవంగా. అట్లాంటి మా ఇంటికి సముద్రం అల్లుడి రూపంలో వచ్చింది. విశాఖపట్నం పిల్లవాడు, కంప్యూటర్ ఉద్యోగం, ప్రతి మాటకూ చివర ‘అండి’ తగిలించే మర్యాద. పిల్లవాడు మంచివాడే. సముద్రం మాత్రం వెంట వచ్చిందని మాకు ఆలస్యంగా తెలిసింది. వాళ్ల బిడ్డ, అంటే నా మనవరాలు, పై చదువుకని విశాఖలో బామ్మగారింటికి చేరి, చదువుతో పాటు ఈ సవారీ విద్య కూడా పట్టింది. ఒకసారి సెలవులకు వస్తూ కారు మీద నిలువెత్తు బల్ల ఒకటి కట్టుకొచ్చింది.

“ఇదేందే? గింత పెద్ద ఇస్త్రీ బల్లనా?”

“సర్ఫింగ్ బోర్డ్ అమ్మమ్మా. అల వస్తుంటే దీని మీద లేచి నిలబడాలి.”

“అల వస్తుంటే ఒడ్డుకు ఉరకాలె గని నిలబడుడేంది? మీ బామ్మ చూస్తలేదా?”

ముక్కు పగిలిన పాత బల్ల అది. కొత్తది కొనుక్కున్నానని, దీన్ని పూల షెడ్డులో ఓ మూలన పెట్టుకోమని చెప్పి వెళ్లిపోయింది. ధర అడిగితే తండ్రీ కూతుళ్లిద్దరూ ఆకాశం వైపు చూశారు కాబట్టి ఎక్కువే అయ్యుంటుంది. అంత సొమ్ము పోసిన బల్ల ఊరికే నిలబడితే నాకు నిద్ర పట్టదు. దాని మీద వడియాలు పెట్టాను. కాళ్లు జారకుండా ఆ బల్లకు మైనం పూస్తారన్న ముక్క ఎవరూ చెప్పలేదు. వడియాలు దిగిరానన్నాయి. ఆ ఏడాది పప్పులోకి మేం నంజుకున్న వడియాల్లో సగం మైనమే.

ఇక అసలు సంగతి. ఆ దీపావళికి నా చేను చామంతితో పసుపు బోర్లించినట్టు ఉంది. మా దిక్కు చామంతికి దీపావళే పెళ్లి ముహూర్తం. పండుగకు ముందు రెండు తెల్లవారుజాములు తెంపి మార్కెట్టుకు పంపాలి. ముందు తెంపితే వాడిపోతుంది, తెంపకముందు ముసురు పట్టిందా, పువ్వు నల్లబడి చెట్టు మీదే కుళ్లిపోతుంది. ఏడాది చాకిరీ అంతా ఆ రెండు పొద్దుల మీద ఆధారపడి ఉంటుంది. మా ఊళ్లో ఇంకో ఆనవాయితీ కూడా ఉండేది. నేను చేనులోకి గంప ఎత్తుకుని దిగేదాకా ఇంకెవరూ దిగేవారు కాదు. నా మీద ప్రేమ కాదు లెండి. ‘ఆ పిసినారి ముసల్ది ఒక్క మొగ్గ కూడ దండుగ చెయ్యది, ఆమె తెంపిందంటే టైమైనట్టే’ అని నమ్మకం. దాన్ని నేను పొగడ్త కిందే జమ చేసుకున్నాను.

పండుగ ఇంకా వారం ఉందనగా మనవరాలి ఫోను. “అమ్మమ్మా! బంగాళాఖాతంలో అల్పపీడనం!” అంది, ఇంట్లో మగపిల్లవాడు పుట్టినట్టు.

“అయితే ఏం పంచమంటవ్? పేడాలా?”

“వినవే! శనివారం మా బీచ్‌లో పోటీ ఉంది. సముద్రమేమో పళ్లెంలో నీళ్లలాగా కదలకుండా ఉంది. అల లేకపోతే పోటీయే లేదు. ఇది కొంచెం బలపడితే చాలు. తుఫాను ఎక్కడో నడి సముద్రంలో ఉన్నా దాని అలలు ముందే వచ్చేస్తాయి.”

“నీ నోరు మంచిగుండ. ఆడ నువ్వు బలపడాలని మొక్కు, ఈడ నా చామంతి కుళ్లనియ్యి. బాగున్నది వరస.”

“అయ్యో, మీ వైపు రాకూడదు! మా వైపూ రాకూడదు. దగ్గరకొస్తే అలలన్నీ గజిబిజి అయిపోతాయి, గాలి కొడుతుంది, ఎర్రజెండా కట్టి బీచ్ మూసేస్తారు, పడవలు కూడా వెనక్కొచ్చేస్తాయి. అది దూరంగా ఉండే బాగా పెరగాలి.”

“పెరగాలె గని రావద్దు. గసొంటిది లోకంల ఏమన్న ఉన్నదా?”

(ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది. ఉంది. మొయినాబాద్‌లో భూమి ధర. ఎన్నేళ్లుగానో పెరుగుతోందంటారు, ఇంతవరకు మా ఇంటి గడప తొక్కలేదు.)

అట్లా మా ఇద్దరికీ ఒకే తుఫాను మీద రెండు మొక్కులు పడ్డాయి. ఆ పిల్ల పొద్దున ఒక బొమ్మ, సాయంత్రం ఒక బొమ్మ నా ఫోనుకు పంపుతూ, తుఫాను జాడ ఎట్లా పడతారో పాఠం చెప్పేది. పైనుంచి ఉపగ్రహాలు మబ్బుల ఫొటోలు తీస్తాయట. సముద్రంలో తేలే బుంగల్లాంటి యంత్రాలు గాలి ఎంత, ఒత్తిడి ఎంత అని కబురు పంపుతాయట. ఆ కబుర్లన్నీ మింగి ఒక్కో దేశపు కంప్యూటర్ ఒక్కో దారి గీస్తుందట. ఆ గీతలు చూస్తే ఒకే పెళ్లికి అయిదుగురు ఆడపడుచులు అయిదు దార్లు చెప్పినట్టే ఉంది. ఒకటి మద్రాసు వైపు, ఒకటి కాకినాడ వైపు, ఒకటి ఒడిశాకు. ఒకటైతే ఒడ్డు దాకా వచ్చి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి సముద్రంలోకే పోయింది. నాకు నచ్చింది అదొక్కటే. మొదట అల్పపీడనం, తరువాత వాయుగుండం, తరువాత తీవ్ర వాయుగుండం, ఆపైన తుఫాను అని మెట్లు చెప్పింది. తుఫాను అయ్యాక పెట్టడానికి పేర్ల వరస ముందే రాసి పెట్టుకుంటారనీ చెప్పింది. ఈ పిల్లకు పేరు పెట్టడానికి మా ఇంట్లో రెండు వైపుల వాళ్లూ ఆర్నెల్లు అలిగారు, అక్కడ కడుపు పండకముందే బారసాల అయిపోయింది.

ఆ గీతలన్నీ కలిపి చివరకు ఒక తెల్లని బొమ్మ వచ్చేది. సముద్రంలో సన్నగా మొదలై, నేల మీదకు వచ్చేకొద్దీ వెడల్పవుతుంది. అది చూడగానే నేను గుర్తుపట్టాను. చాట! ధాన్యం చెరిగే చాటే. అంటే, పుట్టినప్పుడు తుఫాను అంత సన్నగా ఉంటుంది, తిని తిరిగి ఇంత అవుతుంది, చాటలో ఉన్నవాళ్లందరినీ చెరిగేస్తుంది. ఇందులో చదువుకోవాల్సింది ఏముంది? బొమ్మలో సురంగల్ లేదు (మమ్మల్ని ఏ బొమ్మలోనూ పెట్టరు), మా పక్కనున్న చేవెళ్ల మాత్రం ఉంది, చాట మూతిలో సరిగ్గా నడుమ. మనవరాలికి ఫోను చేస్తే ఎత్తలేదు. సముద్రంలో ఉండి ఉంటుంది. అయినా చాట అంటే ఏమిటో పుట్టినప్పట్నుంచీ చెరిగినదాన్ని, నాకొకరు చెప్పాలా?

ఎదురింటి వదిన వాకిట్లోకి వచ్చింది. “వదినా, మీ పిల్ల ఏమంటున్నది? వానొస్తదా?”

నేను ఫోను చూపించాను.

“ఓ యమ్మో! చేవెళ్ల నడిమిట్లనే ఉన్నది గదనే! మరెట్ల?”

“ఎట్లేంది? నేనైతే రేపు పొద్దుగాల తెంపుత.”

అంతే అన్నాను. మీరూ తెంపండి అని ఎవరితోనూ అనలేదు. కానీ మర్నాడు వెలుగు రాకముందే ఊరంతా గంపలతో చేలల్లో ఉంది. విచ్చినవీ, విచ్చనివీ, రేపో మాపో విచ్చుదామని ఆలోచన చేస్తున్నవీ అన్నీ తెంపేశాం. తెంపనివాడు ఒకడే, మా తమ్ముడు. వాడిని ఊళ్లో ‘రేపు’ అని పిలుస్తారు. ఏ పని చెప్పినా రేపు చేస్తాననడం తప్ప వాడికి వేరే దుర్గుణం లేదు, ఇంకోదానికి జాగా ఉంటే కదా. గట్టు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని మమ్మల్ని చూస్తున్నాడు.

“ఏరా, తెంపవా?”

“చుక్కలు మంచిగ కనబడుతున్నయ్ గదనే అక్కా. రేపు తెంపుత తియ్.”

“రేపటికి నీ చెల్క చెరువైతది.”

“అయితే చేపలు పడత. ఫికర్ చెయ్యకు.”

ఊరి పువ్వంతా ఒక్కసారిగా గుడిమల్కాపూర్ మార్కెట్టులో దిగింది. అక్కడి వ్యాపారి మా బండ్ల వరస చూసి, “ఏందమ్మా, మీ ఊర్ల దీపావళి ముందుకు జరిగిందా?” అని నవ్వాడట. సగం పువ్వు అమ్ముడుపోయింది, అమ్మినట్టూ కాదు, ఇచ్చినట్టూ కాదు. తక్కిన సగం అక్కడే పారబోసి రమ్మన్నారు. పారబోయడం నా ఒంటికి పడదు. వెనక్కి తెప్పించి షెడ్డులో గోడవారన కుప్ప పోయించాను. కుప్ప కిటికీ అంచును తాకింది. వాడకుండా తడి గోనెలు కప్పించి, అవి జారిపోకుండా ఆ ముక్కు పగిలిన బల్లను దాని మీద ఏటవాలుగా వేయించాను.

సాయంత్రానికి కొత్త చాట వచ్చింది. మూతి ఒడిశాకు తిరిగి ఉంది. చేవెళ్ల బయట పడింది. మా ఊళ్లో ఎండ ఎట్లా ఉందంటే, ఎండాకాలం వచ్చి మొహమాటపడేట్టు ఉంది. వదిన కొంగుతో మెడ తుడుచుకుంటూ వచ్చి, “వదినా, మీ చాట మనల్ని ఒంపేసి పోయినట్టున్నదే” అంది. ఆమె గొంతులో కోపం ఉంటే బాగుండేది, తిరిగి తిట్టేదాన్ని. జాలి ఉంది.

అప్పుడు దొరికింది మనవరాలు. “అమ్మమ్మా, అది తుఫాను సైజు కాదు! దాని కన్ను ఏ దారిన పోతుందో పక్కాగా తెలియదు కదా, ఎక్కడెక్కడికి పోవచ్చో అంతా కలిపి గీస్తారు. రాబోయే రోజుల సంగతి పోనుపోను తక్కువ తెలుస్తుంది, అందుకే వెడల్పు. లోపల ఉన్నా వాన పడకపోవచ్చు, బయట ఉన్నా పడొచ్చు.”

“అంటే, తెల్వదు అని చెప్పనీకి గింత మంచి బొమ్మనా?”

“ఒకరకంగా అంతే.”

“మీ తాత పెండ్లయిన కాన్నుంచి అన్నింటికీ తెల్వదనే అన్నడు గాని, ఏనాడూ గిన్ని రంగులు ఖర్చు చెయ్యలే.”

పిల్ల నవ్వింది. తరువాత “పువ్వంతా పోయిందా అమ్మమ్మా? అలలొస్తాయని నేను సంబరపడ్డాను” అంది. “నీ సంబరంతోని వచ్చిందా, నీ ఏడుపుతోని పోతదా? పోయి నీ బల్లకు మైనం రాసుకో” అని పెట్టేశాను.

శనివారం వచ్చింది. అల్లుడు పోటీ చూడడానికి విశాఖ వెళ్లి, షెడ్డులో గోనెలు తడుపుతున్న నాకు వీడియో కాల్ చేశాడు. “అత్తయ్యగారూ, కనబడుతోందాండీ? ఇటు చూడండి, ఎంత బాగున్నాయో అలలు.” బాగానే ఉన్నాయి, నా పువ్వు ధరకు ఆ మాత్రం ఉండాలి. తుఫాను ఎక్కడో ఉందట. విశాఖలో ఆకాశం కడిగిన పళ్లెంలాగా ఉంది. అలలు మాత్రం పంక్తి భోజనానికి వచ్చినవాళ్లలాగా ఒక వరస, జర ఆగి ఇంకో వరస, మర్యాదగా వస్తున్నాయి. దూరం నుంచి వచ్చే అలలు దారిలో సర్దుకుని అట్లా వరస కడతాయని పిల్ల చెప్పి ఉంది. దగ్గరి తుఫాను అలలైతే పెళ్లి బస్సు దిగిన చుట్టాల్లా ఒకరి మీద ఒకరు పడతాయట. చుట్టమైనా తుఫానైనా దూరంగా ఉంటేనే అందం అన్న ఈ ఒక్క ముక్క కోసం అంత చదువు.

“అదిగోండి, మనమ్మాయే! లేస్తోందండీ, లేస్తోంది!”

చూశాను. నీళ్లలో అగ్గిపుల్లంత పిల్ల. వెనకాల ఇల్లంత అల. పిల్ల చేతులు ఆనించి సగం లేచింది. అల దాని నెత్తి మీదకు వంగింది. వంగిన అల వంగినట్టే ఆగిపోయింది. అల్లుడి గొంతు లేదు, సముద్రం చప్పుడు లేదు. ఫోనులో గుండ్రంగా ఒక చక్రం తిరుగుతోంది, ఆ చక్రం కింద నా మనవరాలు, ఆమె మీద అంత నీళ్ల గోడ.

“అల్లుడా! ఏమైంది? ఓ అల్లుడా!”

చక్రం తిరుగుతూనే ఉంది. చామంతులు, చాట, మార్కెట్టు, ఊరి జాలి, అప్పటిదాకా నా గుండె మీద కూర్చున్నవన్నీ ఎక్కడికి లేచిపోయాయో తెలియదు. అల పడిందా లేదా, పిల్ల లేచిందా లేదా, అంతే. మా షెడ్డులో సిగ్నల్ కిటికీ దగ్గర తప్ప అందదు. కిటికీ దగ్గర కుప్ప ఉంది, కుప్ప మీద బల్ల ఉంది. చెప్పులు వదిలేసి, చీర కుచ్చిళ్లు దోపి, ఎట్లా ఎక్కానో ఎక్కేశాను. బల్ల మీద రెండు కాళ్లు పెట్టి నిలబడి, ఫోను కిటికీ ఊచల్లోంచి ఆకాశానికి చాపాను.

కాళ్ల కింద మైనం పట్టుకుంది. ఆ మైనం మంచి మైనమే, వడియాలనే వదలలేదు, నన్నెందుకు వదులుతుంది? బల్ల కిందున్న చామంతులకు మాత్రం ఏ మైనమూ లేదు. తడి గోనెల కింద నిన్నంతా మగ్గి వెన్నలా ఉన్నాయి. బల్ల ఒక్కసారి ఆలోచించింది. తరువాత బయలుదేరింది. నేను దాని మీదే ఉన్నాను, నిలబడే ఉన్నాను, దీనికి సాక్షి ఉంది. ఎందుకంటే సరిగ్గా అప్పుడే ఎదురింటి వదిన పెరుగు గిన్నె పట్టుకుని తలుపు దగ్గరకు వచ్చింది. కిటికీ దగ్గర్నుంచి తలుపు దాకా, రెండు పక్కలా పసుపు రెక్కలు ఎగజిమ్ముతుంటే, చేతిలో ఫోను పైకెత్తి, నోరు తెరిచి, నేను సాగిపోయాను. నా వెనక చామంతి కుప్ప విరిగి నా మీదకే పడింది. కళ్లు తెరిచేసరికి మెడదాకా పువ్వుల్లో వెల్లకిలా ఉన్నాను.

వదిన గిన్నె దింపలేదు. “వదినా, గిదేం ఆటనే?”

“ఆటేంది? సిగ్నల్ కోసం.”

అప్పుడు గుండె మీద పడి ఉన్న ఫోనులోంచి గొంతు వచ్చింది. “అమ్మమ్మా! చూశావా? నిలబడ్డా! ఒడ్డుదాకా నిలబడ్డా!” ముక్కులోంచి నీళ్లు కారుతూ, పళ్లన్నీ కనబడుతూ, బతికున్న ముఖం.

“చూసిన బిడ్డా” అన్నాను. నా కళ్లలోకి రెక్కలు పోయాయి, అందుకే నీళ్లు. వదిన వేరేగా చెబితే నమ్మకండి.

“నువ్వేంటి పూలల్లో పడుకున్నావ్?”

వదిన నాకు నోరు తెరిచే అవకాశం ఇవ్వలేదు. ఫోను లాక్కుని మొదట్నుంచి చెప్పింది. అవతల పిల్ల పడీపడీ నవ్వి, “మోకాళ్లు వంచావా అమ్మమ్మా? నిలబడాలంటే అదే ముఖ్యం” అంది.

“వంచుడేందే? అవే వంగినయ్.”

పోటీలో అది చివరి నుంచి రెండోదిగా వచ్చింది. (చివరిది అలకే రాలేదట, కడుపునొప్పి.) దీపావళికి ముందు రోజు మార్కెట్టులో చామంతి కోసం జనం కొట్టుకున్నారు. మా ఊరినుంచి పువ్వు తీసుకుపోయింది ఒక్క ‘రేపు’ మాత్రమే. వాడి చేనులో ఒక్క చినుకు పడలేదు. పండుగ నాడు కొత్త చొక్కా వేసుకుని, మిఠాయి డబ్బా తెచ్చి, నా కాళ్లు మొక్కాడు. “అక్కా, నీ చాట సల్లగుండ.” డబ్బా చిన్నదే తెచ్చాడు. మా నాయన ఆస్తిలో వాడికీ వాటా అందింది మరి. నా కుప్పను ఎండబెట్టి, దోమలకు ఆ ఏడాదంతా పొగ వేసుకున్నాను. చామంతి పొగకు దోమలు పోతాయా అని అడగకండి. పోయాయనే చెబుతాను.

అప్పట్నుంచి ఊళ్లో నా గంపకు ఉన్న పరపతి పోయింది. ఇప్పుడు ఎవరి ఫోను వాళ్లే చూసుకుంటున్నారు, ఎవరి తప్పు వాళ్లే చేస్తున్నారు. వదిన మాత్రం టీవీలో వాయుగుండం అన్నప్పుడల్లా వాకిట్లో నిలబడి, “వదినా, చాట ఎటు తిరిగింది?” అని కేకేస్తుంది. “తెల్వదట” అంటాను. ఇన్నేళ్లకు సరైన జవాబు నేర్చుకున్నాను.

కానీ ఫోను తెరుస్తాను. ఒకప్పుడు బొమ్మ రాగానే నా కళ్లు చేవెళ్లను వెతికేవి. ఇప్పుడు చేవెళ్ల సంగతి తరువాత. వేలు ముందు విశాఖ ఒడ్డు మీద ఆగుతుంది. ఆ పిల్ల ఇప్పుడు ఉద్యోగం అక్కడే చూసుకుంది, ఇంకా నీళ్లలోకి పోతూనే ఉంది, “అమ్మమ్మా, ఒకటి పుట్టింది!” అని అదే సంబరంతో ఫోను చేస్తూనే ఉంది. నేను తిట్టవలసినంత తిట్టి, ఫోను పెట్టేసి, “పెరగాలె గని రావద్దు” అని దేవుడి పటం వైపు చూస్తాను. అసొంటిది లోకంలో ఉందా అని ఆయనా నన్ను అడగడం లేదు.

ఆ బల్ల షెడ్డులో తలుపు వెనకే ఉంది. పారేయమన్నారు, పారేయడం నా ఒంటికి పడదని చెప్పాను కదా. ఎదురింటి తలుపు మూసి ఉందో లేదో చూసుకుని, అప్పుడప్పుడు దాన్ని నేల మీద పరిచి, రెండు కాళ్లూ పెట్టి నిలబడతాను. మోకాళ్లు వంచాలని గుర్తుంది. ఇప్పుడు ఆ శ్రమ కూడా లేదు, అవి వంగే ఉంటున్నాయి.